లోపలి ఎద్దు

బెల్‌మాంట్‌లో, లేక్ మెక్వారీ ఒడ్డున,
గ్వెన్ హాలరన్ షెడ్డులో
రెండు దోనెలు బోర్లా పడుకున్నాయి.
ప్లైవుడ్డువి. ఇంకా రంగెరగవు.
"చూడకు, తడుము," అంది గ్వెన్.
డెబ్భై రెండేళ్ళ మనిషి. ఎడమ చేతికి నాలుగే వేళ్ళు.
అయిదోది రంపానికి అద్దె కింద ఇచ్చానంటుంది.

నేను పళ్ళు చేసేదాన్ని.
వార్నర్స్ బే ల్యాబులో పగలంతా
మైనంతో దంతాలు చెక్కుతాను.
వెంట్రుకవాసి ఎత్తుంటే చాలు
నాలుక రోజంతా అక్కడికే వెళ్ళి సణుగుతుంది.
కనుక నా వేళ్ళకి వెంటనే తెలిసింది,
ముక్కు నుంచి తోక దాకా అడుగు
తాడు బిగించి గీసినట్టుందని.

గ్వెన్ పాత పడవ, పసుపుది, కొడవలి వంపు.
కర్ర తాకితే మేకపిల్లలా తిరిగేది.
చిన్న అలలొచ్చాయా, ఇక రోకటి పోటే.
ముక్కు లేచి, పడి, లేచి, పడి
ఉన్నచోటే వడ్లు దంచేది.
దానితో విసిగే ఈ తిన్ననిది కట్టాం.

కాటమరాన్ అంటారిక్కడ.
మా తూర్పు తీరాన ఓడెక్కి వచ్చిన మాట, కట్టుమరం.
గ్వెన్‌కి చెబితే,
"అయితే మీవాళ్ళూ తిప్పలేక తిట్టుకున్నవాళ్ళే," అంది.

జనవరి. మధ్యాహ్నం ఈశాన్యపు గాలి.
కొత్త పంచె చింపినట్టు
వెనక నీళ్ళు చర్రుమన్నాయి.
అవతలి గట్టు దగ్గర పడేదాకా నా అంత రాణి లేదు.
"తిప్పు!"
తిప్పాను.
గాలికి ఎదురుగా వచ్చి నిలబడిపోయింది.
తెరచాపలు టపటపా కొట్టుకున్నాయి.
జెట్టీ మీద పెలికన్ ఒకటి
మెడ పక్కకి వాల్చి చూసింది.

మలుపులో బండి తిరగాలంటే
లోపలి ఎద్దు నిలవాలి,
బయటిది చుట్టూ నడిచి రావాలి.
ఇక్కడ రెంటినీ ఒకే కాడికి బోల్టులేసి బిగించాం.
లోపలిది నిలవదు, బయటిది తొందరపడదు.
పైగా ఆ తిన్నటి అడుగు
నీళ్ళలో నిలబెట్టిన పలకలా
పక్కకి ఒక్క జానెడు జరగనంటుంది.

"వెనక్కి పోనీ," అంది గ్వెన్.
"చిన్న తెరచాపని గాలికెదురుగా పట్టు.
చుక్కాని తలకిందులుగా ఆలోచించు."
వెనక్కి, తప్పు చేసినదానిలా, మెల్లగా...
అప్పుడు తల తిప్పింది.

రెండోవారం దక్షిణపు గాలి
చెప్పకుండా విరుచుకుపడింది.
సన్నటి ముక్కు అలలోకి దిగింది,
సూది గుడ్డలోకి దిగినట్టే.
మేము మాత్రం దారంలా వెనక రాలేదు.
మేమే ముందు ఎగిరి పడ్డాం.
గ్వెన్ కళ్ళజోడు సరస్సుకి పోయింది.
"ముక్కుకి ఒళ్ళు చాల్లేదు!"
ఉమ్ముతూ, ఈదుతూ, నా మీద కాదు,
గీసిన తన పెన్సిలు మీద అరిచింది.

మళ్ళీ షెడ్డు. మళ్ళీ బోర్లా.
ముక్కు పక్కలకి నురుగు దిమ్మలు అతికి ఒళ్ళు చేశాం.
అడుగు కర్రకి రెండు కొసలా చిత్రిక పట్టాలి.
"ఎంత?"
"వేలు మందం," అని
గ్వెన్ లేని వేలు చూపించింది.

తను టీ పెట్టడానికి వెళ్ళింది.
పేళ్ళు చుట్టలు చుట్టలుగా నా చెప్పుల మీద పడుతున్నాయి.
పళ్ళ దగ్గర నేర్చుకున్నదొకటే:
కోరింది మళ్ళీ పెరగదు.
సగం దగ్గర ఆగిపోయాను.
గ్వెన్ వచ్చి, కప్పు కింద పెట్టి,
నాలుగు వేళ్ళతో ఈ కొస నుంచి ఆ కొసకి తడిమింది.
ఏమీ అనలేదు. రంగు డబ్బా మూత తీసింది.

శనివారం తిప్పితే
ఒక ఊపిరి సేపు తలాడిస్తూ నిలబడి,
ఇంకాస్త సతాయించి,
తిరిగింది.
ఎదురలల్లో ఒకటి రెండు పోట్లు దంచింది కూడా.

మిగిలిన సగానికి గీసిన గీత
తెల్లరంగు కింద అలాగే ఉంది.
గ్వెన్ దాని సంగతి ఇంతవరకు అడగలేదు.